బ్యాంకు లెక్కలో లేని పాప

"కంగ్రాట్స్ మేడమ్, మీకు 57 లక్షలు ఎలిజిబుల్."

ఏడాదిన్నర క్రితం ఒక శనివారం మధ్యాహ్నం మా అక్క ఫోన్‌కి వచ్చిన మెసేజ్ ఇది. స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపింది. కింద మూడు ఇంటి బొమ్మల ఎమోజీలు. పది నిమిషాల తర్వాత ఇంకో మెసేజ్: "ఒరేయ్, ఖాళీగా ఉంటే సాయంత్రం రా. ఒకసారి లెక్క చూద్దాం. ఎందుకో భయంగా ఉంది."

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో టెస్టింగ్ లీడ్. విడాకులై అప్పటికి రెండేళ్లు. మూడున్నరేళ్ల పాప. చందానగర్‌లో 18 వేల అద్దెకి ఉండేది. ఆ ఇల్లు దొరకడానికి ముందు ఇద్దరు ఓనర్లు "మీవారు ఎక్కడ పనిచేస్తారమ్మా?" అని అడిగి, జవాబు విన్నాక "మా చుట్టాలు వస్తున్నారు, ఇల్లు ఇవ్వట్లేదు" అన్నారు. సొంతిల్లు ఆమెకి పెట్టుబడి కాదు. ఇంకోసారి ఆ ప్రశ్నకి జవాబు చెప్పే పని లేకుండా ఉండటం.

బాచుపల్లిలో రెడీగా ఉన్న డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్ చూసింది. ధర 72 లక్షలు. 50 వేలు టోకెన్ కూడా ఇచ్చేసింది. వచ్చే ఆదివారం అగ్రిమెంట్. చేతిలో వారం రోజులే ఉంది.

నేను లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. సాఫ్ట్‌వేర్ వాళ్లకి భయం వేస్తే చేసే మొదటి పని ఎక్సెల్ షీట్ తెరవడమే కదా!

బ్యాంకు లెక్క ఎలా వచ్చింది?

ముందు బ్యాంకు వైపు నుంచి చూద్దాం. అక్క చేతికొచ్చే జీతం నెలకి లక్ష. వేరే లోన్లు లేవు. సాధారణంగా బ్యాంకులు నెల ఆదాయంలో సగం నుంచి 60 శాతం దాకా ఈఎంఐలకి పోవచ్చని అనుకుంటాయి. దీన్నే ఎఫ్‌ఓఐఆర్ అంటారు. అక్కకి సగం లెక్క వేశారు. అంటే 50 వేలు. ఆ రోజు ఆఫర్ చేసిన వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. ఈ లెక్కన లక్ష అప్పుకి నెలకి సుమారు 868 రూపాయల ఈఎంఐ పడుతుంది. 50 వేలని 868తో భాగిస్తే 57 లక్షల పైచిలుకు. లెక్క కరెక్టే.

ఇంకో లిమిట్ కూడా ఉంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల పైన 75 లక్షల దాకా ఉండే హోమ్ లోన్ ఇంటి విలువలో 80 శాతం దాటకూడదు. 72 లక్షల్లో 80 శాతం అంటే 57.6 లక్షలు. ఆ లెక్కా సరిపోయింది.

అప్లికేషన్ ఫారంలో 'డిపెండెంట్స్ ఎంతమంది?' అనే గడి ఉంది. అక్క అక్కడ '1' అని రాసింది. ఆ ఒకటికి నెలకి ఎంత ఖర్చవుతుందని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు.

మా లెక్క ఎలా వచ్చింది?

ఆ రాత్రి మేం మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, యూపీఐ హిస్టరీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. ముందు ఇంటి ఖర్చు. సరుకులు, పాలు, గ్యాస్ 14 వేలు. కరెంటు, పనిమనిషి, ఇంటర్నెట్, ఫోన్ 6 వేలు. రానుపోను ఖర్చు 6 వేలు. హెల్త్, టర్మ్ ఇన్సూరెన్స్, మందులు కలిపి 4,500. పెద్దమ్మకి పంపేది 5 వేలు. కొత్త ఫ్లాట్‌కి మెయింటెనెన్స్ 3,500. మొత్తం 39 వేలు. ఇందులో విలాసం ఏమైనా ఉందా అని వెతికాం. ఒక ఓటీటీ దొరికింది. అదీ పాప రైమ్స్ కోసమే.

తర్వాత పాప ఖర్చు విడిగా రాశాం. డేకేర్ 14 వేలు. నర్సరీ ఫీజు ఏడాదికి 90 వేలు, అంటే నెలకి 7,500. వ్యాన్ 2,500. డేకేర్ సెలవు రోజుల్లో చూసుకునే ఆయమ్మకి, సాయంత్రం ఆరున్నర దాటితే పడే లేట్ ఛార్జీకి కలిపి సగటున 3 వేలు. మొత్తం 27 వేలు.

రెండూ కలిపితే 66 వేలు. లక్షలో మిగిలేది 34 వేలు. కట్టాల్సిన ఈఎంఐ 49,466. అంటే ప్రతి నెలా 15 వేల పైన లోటు. మొదటి నెల నుంచే!

అక్క చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది: "మరి బ్యాంకువాళ్లకి తెలీదా ఇది?"

తెలీదు. వాళ్లు అడగలేదు, మనం చెప్పలేదు.

డేకేర్ ఖర్చు కాదు, అదీ ఒక ఈఎంఐ

27 వేలని అదే 868తో భాగించి చూశాను. 31 లక్షలు వచ్చింది. అంటే మా అక్క అప్పటికే 31 లక్షల లోన్‌కి ఈఎంఐ కడుతున్నట్టు లెక్క. ఆ లోన్ సిబిల్ రిపోర్టులో కనపడదు, అంతే తేడా.

"పిల్లల ఖర్చు అందరికీ ఉంటుంది కదా, సింగిల్ పేరెంట్‌కే ఏంటి స్పెషల్?" అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. అక్క చెప్పిన జవాబు ఇది: "ఇద్దరుంటే డేకేర్ ఒక సౌకర్యంరా. మరీ ఇబ్బందైతే ఒకరు కొన్నాళ్లు మానేసి ఇంట్లో ఉంటారు, ఇంకో జీతం మీద ఈఎంఐ నడుస్తుంది. నాకు డేకేర్ లేకపోతే ఆ లక్ష జీతమే లేదు."

మన భాషలో చెప్పాలంటే ఇది బ్యాకప్ సర్వర్ లేని సిస్టమ్. మెయిన్ సర్వర్ పనిచేయాలంటే డేకేర్ అనే కరెంటు ఉండాలి. హోటల్ పెట్టినవాడు గ్యాస్ సిలిండర్ ఖర్చు తీసేసి లాభం చెప్పడు కదా. ఒంటరి తల్లో తండ్రో జీతం చెప్పేటప్పుడు కూడా పిల్లల్ని చూసుకునే ఖర్చు తీసేశాకే చెప్పాలి. అలా చూస్తే అక్క అసలు జీతం లక్ష కాదు, 73 వేలు.

బ్రిటన్‌లో ఈ ఖర్చు అడుగుతారు. అక్కడ ఇంటి లోన్ ఇచ్చేముందు కుటుంబం తగ్గించుకోలేని ఖర్చుల్ని చూడాలని నియంత్రణ సంస్థ నిబంధన పెట్టింది. ఆ ఖర్చుల జాబితాలో పిల్లల సంరక్షణ పేరు కూడా ఉంది. దీనివల్ల అక్కడి సింగిల్ పేరెంట్స్‌కి వచ్చే లోన్ తగ్గుతుంది, అది వాళ్ల బాధ. అడిగితే లోన్ తగ్గుతుంది, అడక్కపోతే నిద్ర తగ్గుతుంది. మన దగ్గర అడగరు కాబట్టి ఆ ప్రశ్న మనకి మనమే వేసుకోవాలి.

"ఇంకో దారి ఉంటుంది కదా" అనుకుని చూసినవి

ఒప్పుకోవడం కష్టం కాబట్టి ఆ వారమంతా దారులు వెతికాం. ఒక్కొక్కటే చెప్తాను. మీకూ ఇవే గుర్తొస్తాయి.

గడువు పెంచడం: 20 ఏళ్లు కాకుండా 30 ఏళ్లు పెడితే? అత్యవసరానికి 4 వేలు పక్కన పెట్టాక అక్క నిజంగా కట్టగలిగే ఈఎంఐ 30 వేలు. దానికి 20 ఏళ్ల మీద 34.5 లక్షల లోన్ వస్తుంది. 30 ఏళ్ల మీద 39 లక్షలు. అంటే పదేళ్లు అదనంగా కడితే చేతికొచ్చేది నాలుగున్నర లక్షలు ఎక్కువ. మొత్తం వడ్డీ మాత్రం సుమారు 37 లక్షల నుంచి 69 లక్షలకి పోతుంది. మధ్యలో డబ్బులొచ్చినప్పుడు ముందే కట్టేయొచ్చు, ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌కి వ్యక్తుల దగ్గర ప్రీపేమెంట్ ఛార్జీ తీసుకోకూడదు. కానీ సింగిల్ పేరెంట్‌కి ఆ 'డబ్బులొచ్చినప్పుడు' ఎప్పుడొస్తుంది?

భరణం: పాప కోసం నెలకి 8 వేలు ఇవ్వాలని కోర్టు ఆర్డరుంది. ఆ ఏడాది నాలుగు నెలలే పడ్డాయి. క్రమంగా ఖాతాలో పడని డబ్బుని బ్యాంకు ఆదాయంగా తీసుకోలేదు. మా షీట్‌లో మేం కూడా సున్నానే వేశాం. ఇక్కడ ఒక విషయం తెలుసుకోండి. 2020లో రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రే భరించాలని, తల్లి కూడా బాగా సంపాదిస్తుంటే ఆదాయాల నిష్పత్తిలో పంచుకోవచ్చని చెప్పింది. ఇద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలు అఫిడవిట్‌గా ఇవ్వాలని కూడా అంది. కాబట్టి డేకేర్ రసీదులు పారేయొద్దు. అక్క తన రసీదులన్నీ ఫైల్ చేసి లాయర్‌కి ఇచ్చింది. ఆ డబ్బు వస్తే మంచిదే. రాని డబ్బు మీద ఈఎంఐ మాత్రం పెట్టుకోకూడదు.

కంపెనీ క్రెష్: 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ సౌకర్యం ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. తర్వాత వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది. అక్క తన హెచ్‌ఆర్‌ని అడిగితే 'టై-అప్ ఉంది' అన్నారు. ఎక్కడంటే ఇంటికీ ఆఫీసుకీ కూడా దూరమే. అయినా మీ ఆఫీసులో ఒకసారి అడగండి. ఫీజులో కొంత కంపెనీ భరించినా మీ ఈఎంఐ లెక్క మారిపోతుంది.

ట్యాక్స్ మిగులుతుంది: ఈ మాట అపార్ట్‌మెంట్ అమ్మేవాళ్లు తప్పకుండా చెప్తారు. కొత్త పన్ను విధానంలో మనం ఉండే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదు. పాత విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా ఉంది. డేకేర్ బిల్లుకి మాత్రం తల్లికి విడిగా మినహాయింపు ఏదీ లేదు.

ప్రభుత్వ సబ్సిడీ: 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0లో వడ్డీ సబ్సిడీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల్లోపు, ఇంటి విలువ 35 లక్షల్లోపు, లోన్ 25 లక్షల్లోపు ఉండాలి. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గరిష్ఠంగా 1.80 లక్షలు వస్తుంది. ఒంటరి మహిళలకి, వితంతువులకి ప్రాధాన్యం ఇస్తారు. అక్క జీతం ఆ లిమిట్ దాటింది. మీది దాటకపోతే చూడండి.

అమ్మమ్మని పిలిపించడం: ఇది అందరూ ఇచ్చే సలహా. మా ఆఫీసులో ఒక సీనియర్ ఉన్నారు. భార్య చనిపోయాక పిల్లలిద్దర్నీ వాళ్లమ్మ చూసుకుంటోంది. డేకేర్ ఖర్చు సున్నా. కానీ అమ్మ వచ్చి ఉండాలంటే మూడో బెడ్రూమ్ కావాలి. డబుల్ నుంచి ట్రిపుల్‌కి వెళ్తే ధర ఎంత పెరుగుతుందో ఏ సైట్‌లో చూసినా తెలుస్తుంది. పైగా ఆమెకి మోకాళ్ల ఆపరేషన్ అయిన రెండు నెలలు ఆయనకి ఆయమ్మ ఖర్చు, ఆస్పత్రి ఖర్చు రెండూ పడ్డాయి. అమ్మ ప్రేమ ఫ్రీనే. అమ్మ ఆరోగ్యం మాత్రం మన బడ్జెట్‌లో ఉండాల్సిందే.

చివరిది నేను. "నన్ను కో-అప్లికెంట్‌గా పెట్టుకో అక్కా" అన్నాను. నవ్వింది. "రేపు నీకు పెళ్లై ఇల్లు కొనాలంటే నీ సిబిల్‌లో నా లోన్ కనపడుతుంది. అప్పుడు నీ భార్యకి నువ్వు, నీకు నేను సంజాయిషీ చెప్పుకోవాలి. వద్దులే" అంది. నిజమే, జాయింట్ లోన్ ఇద్దరి రిపోర్టుల్లోనూ ఉంటుంది. ఆ మాట విన్నాక నాకు లోపల కొంచెం రిలీఫ్‌గా అనిపించింది. దానికి సిగ్గుపడ్డాను కూడా.

దూరం కూడా ఒక ఖర్చే

ఇంకో విషయం షీట్‌లో మొదట రాయనేలేదు. బాచుపల్లి ఫ్లాట్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి సాయంత్రం ట్రాఫిక్‌లో గంట పైనే. డేకేర్ ఆరున్నరకి మూస్తారు. అంటే అక్క ఐదుంపావుకే లేవాలి. ఐదున్నరకి రోజూ ఒక క్లయింట్ కాల్ ఉంటుంది. లేట్ ఛార్జీ ఇవ్వొచ్చు. కానీ ఖాళీ అయిపోయిన డేకేర్‌లో చెప్పులేసుకుని గేటు దగ్గర కూర్చున్న పాపకి ఏ ఛార్జీ ఇస్తాం?

ఇల్లు చూసేటప్పుడు మనం క్లబ్ హౌస్ చూస్తాం, కార్పెట్ ఏరియా చూస్తాం. సింగిల్ పేరెంట్ మాత్రం ముందు మ్యాప్‌లో మూడు పిన్నులు పెట్టాలి. ఇల్లు, ఆఫీసు, డేకేర్. ఈ మూడింటి మధ్య సాయంత్రం ఆరింటికి ఎంత టైమ్ చూపిస్తోందో అదే అసలు రేటు.

టోకెన్ పోయింది

శుక్రవారం రాత్రి అక్క ఆ ఫ్లాట్ వద్దనుకుంది. 50 వేలు వెనక్కి రాలేదు. రెండు రోజులు ఏడ్చింది. డబ్బు కోసం కాదు. పాపకి "ఇది నీ రూమ్" అని చూపించేసింది.

ఆ తర్వాత ఒక ప్రయోగం చేశాం. లోన్ తీసుకోకుండానే ఈఎంఐ కట్టడం. 30 వేల ఈఎంఐ, 3,500 మెయింటెనెన్స్ కలిపితే 33,500. అద్దె 18 వేలు ఎలాగూ కడుతోంది. తేడా 15,500. ఆ డబ్బుని జీతం పడిన మర్నాడే వేరే ఖాతాలోకి పంపాలి. ఆరు నెలలు ముట్టుకోకూడదు. అలా ఉండగలిగితే లోన్‌కి రెడీ అన్నట్టు.

మూడు నెలలు బాగానే నడిచింది. నాలుగో నెల డేకేర్‌లో పిల్లలకి చేతులు, పాదాలు, నోట్లో పొక్కులొచ్చే జ్వరం అంటుకుంది. వారం రోజులు మూసేశారు. పాపకీ వచ్చింది. అక్కకి సెలవులు అయిపోయాయి. నాలుగు రోజులు జీతం కట్. అక్కడే 13 వేలు పోయాయి. ఆ పైన డాక్టరు, మందులు. ఆ నెల ఆ ఖాతాలో ఒక్క రూపాయి పడలేదు.

అప్పుడు అక్క అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "57 లక్షలు తీసుకుని ఉంటే ఈ నెల ఈఎంఐ బౌన్స్ అయ్యేదిరా. పాపకి జ్వరం వచ్చిందని బాధపడాలా, బ్యాంకు నుంచి ఫోన్ వస్తుందని బాధపడాలా?"

ఇల్లు కొనేటప్పుడు చేతిలో ఉన్నదంతా ఊడ్చి పెట్టకూడదని ఆ నెలే తెలిసింది. అక్క దగ్గర పొదుపు, నగల మీద వచ్చింది అంతా కలిపి ఇరవైన్నర లక్షలు. బాచుపల్లి ఫ్లాట్‌కి డౌన్ పేమెంట్ 15 లక్షలు, రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం చొప్పున 5.4 లక్షలు. చివరికి చేతిలో పదివేలు మిగిలేవి. ఈసారి 4 లక్షలు పక్కన పెట్టి, దాన్ని లేదనుకున్నాం. ప్రయోగం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. రెండోసారి ఆరు నెలలూ పూర్తి చేసింది.

మీ లెక్క మీరు వేసుకోవాలంటే

ఒంటరిగా పిల్లల్ని పెంచుతూ ఇల్లు కొనాలనుకునేవాళ్ల కోసం మా షీట్ మొత్తం నాలుగు లైన్లలో చెప్తాను.

1. చేతికొచ్చే జీతం రాయండి. బోనస్, ఇంకా రాని భరణం కలపొద్దు.

2. అందులోంచి ఇంటి ఖర్చు, పిల్లల ఖర్చు, అత్యవసర పొదుపు తీసేయండి. పిల్లల ఖర్చు విడిగా రాయండి. డేకేర్ నాలుగైదేళ్లలో తగ్గుతుంది నిజమే, కానీ స్కూల్ ఫీజు ఆ ఖాళీని నింపేస్తుంది. 'తర్వాత తగ్గుతుందిలే' అని లోన్ పెంచుకోవద్దు.

3. మిగిలింది మీ అసలు ఈఎంఐ. దాన్ని 868తో భాగిస్తే 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకి ఎన్ని లక్షల లోన్ తట్టుకోగలరో వస్తుంది. వడ్డీ ఒక శాతం పెరిగితే అని కూడా చూసుకోండి. 34.5 లక్షలకి నెలకి ఇంకో 2,200 పడుతుంది.

4. ఆ ఈఎంఐని లోన్ లేకుండా ఆరు నెలలు కట్టి చూడండి.

ఈ లెక్కలో వచ్చిన నంబరు చిన్నదిగా ఉంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పక్క క్యూబికల్‌లో కూర్చునే అతనికి మీ జీతమే ఉండి 60 లక్షల లోన్ ఉండొచ్చు. అతని ఇంట్లో ఇంకో జీతమో, పిల్లల్ని చూసుకునే ఇంకో మనిషో ఉంటారు. మీరు ఆ రెండు పనులూ ఒక్కరే చేస్తున్నారు.

పోయిన నెల అక్క చందానగర్‌లోనే, పాప డేకేర్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఒక ఫ్లాట్ కొంది. పాత బిల్డింగ్. లిఫ్ట్ అప్పుడప్పుడు మొరాయిస్తుంది. క్లబ్ హౌస్ లేదు. ధర 47 లక్షలు, లోన్ 34 లక్షలు. ఆ 4 లక్షలు అలాగే ఉన్నాయి. హైటెక్ సిటీ వైపు వెళ్లే ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గరే.

లోన్ పేపర్ల మీద సంతకాలకి నేనూ వెళ్లాను. బ్యాంకతను స్క్రీన్ చూసి ఆశ్చర్యపోయాడు. "మేడమ్, మీకు 57 దాకా ఎలిజిబిలిటీ ఉంది. 34తో ఎందుకు ఆపేశారు?"

అక్క పెన్ను మూత పెడుతూ పాప వైపు చూసింది.

"మిగతాది ఇది ఆల్రెడీ తీసేసుకుందండీ."